మహదేవ్ సత్యనారాయణన్: పంపిణీ నిల్వ, నెట్‌వర్క్ వ్యవస్థల పరిశోధన

మహదేవ్ సత్యనారాయణన్ అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరంలో, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ శాస్త్ర ఆచార్యులు. తోటి శాస్త్రవేత్తలు ఆయనను ‘సత్య’ అని పిలుస్తారు. వేలమంది ఒకే ఫైళ్లను పంచుకోవడానికి వీలిచ్చిన ఆండ్రూ ఫైల్ సిస్టమ్ (ఏఎఫ్‌ఎస్) ప్రధాన రూపశిల్పుల్లో ఆయన ఒకరు. నెట్‌వర్క్ తెగిపోయినా పని ఆగకుండా చూసిన కోడా ఫైల్ సిస్టమ్‌కు నాయకత్వం వహించారు. నేడు ఎడ్జ్ కంప్యూటింగ్ అని పిలుస్తున్న రంగానికి పునాదిగా నిలిచిన క్లౌడ్‌లెట్ ఆలోచనను 2009లో ముగ్గురు సహరచయితలతో కలిసి ప్రతిపాదించారు. ఆయన ఇంజినీరింగ్ చదువు సాగింది చెన్నైలో, మద్రాసు ఐఐటీలో.

నాలుగు దశాబ్దాలు దాటిన ఈ పరిశోధనలో పేర్లు, పరికరాలు మారాయి గాని మూల ప్రశ్న మారలేదు. సమాచారం ఒకచోట, దాన్ని వాడే మనిషి మరోచోట ఉన్నప్పుడు మనిషికి దగ్గరగా ఏం ఉంచాలి? ఆ దగ్గరి నకలును ఎంతవరకు నమ్మాలి? ఆయన నిర్మించిన ప్రతి వ్యవస్థా ఈ రెండు ప్రశ్నలకు తన కాలపు యంత్రాలతో చెప్పిన జవాబే. అందుకే వీటిని విడివిడి ఆవిష్కరణలుగా కాక ఒకే వరుసలో చదవడం మంచిది.

చదువు, తొలి పరిశోధన

సత్యనారాయణన్ మద్రాసు ఐఐటీలో 1975లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్‌లో బి.టెక్., 1977లో కంప్యూటర్ సైన్స్‌లో ఎం.టెక్. పూర్తిచేశారు. జర్మనీ సహకారంతో 1959లో మొదలైన ఆ సంస్థకు ఐబీఎం 370 శ్రేణి పెద్ద కంప్యూటర్ 1973లో వచ్చింది. ఒక సంస్థ అంతటికీ ఒకే పెద్ద యంత్రం, దాని ముందు వరుసకట్టిన వాడుకరులు: అప్పటి భారతదేశంలో కంప్యూటర్ అంటే ఇదే. అక్కడ సమాచారం ఎక్కడుందన్న ప్రశ్నే తలెత్తదు. ఉన్నదంతా ఆ గదిలోనే.

ఆ తరువాత ఆయన కార్నెగీ మెలన్‌లో చేరి 1983లో డాక్టరేటు పొందారు. ఆయన కంటే ముందే మద్రాసు నుంచి బయలుదేరి ఆ విశ్వవిద్యాలయానికి చేరిన తెలుగువారు రాజ్ రెడ్డి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1958లో గిండీ ఇంజినీరింగ్ కళాశాల నుంచి పట్టా పుచ్చుకున్న ఆయన 1969లో కార్నెగీ మెలన్ అధ్యాపకులయ్యారు, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు. మద్రాసులో చదువుకున్న ఇద్దరు ఒకే విశ్వవిద్యాలయంలో, ఒకరు కృత్రిమ మేధలో, మరొకరు వ్యవస్థల నిర్మాణంలో చెరిగిపోని ముద్ర వేశారు.

సత్యనారాయణన్ తొలి ముఖ్య ప్రచురణ కొత్త వ్యవస్థ గురించి కాదు, ఉన్నదాన్ని కొలవడం గురించి. ఫైళ్లు ఎంత పెద్దవిగా ఉంటాయి, ఎంతకాలం వాడుకలో ఉంటాయి అన్న అంశంపై 1981లో ఆపరేటింగ్ సిస్టమ్స్ సూత్రాల సదస్సులో ఆయన ఒక పత్రం సమర్పించారు. ఫైళ్లలో అత్యధికం చిన్నవేనని అందులో తేలింది. చూడడానికి సాదాగా ఉన్న ఈ విషయమే తరువాతి నిర్మాణానికి ఆధారమైంది. ఫైలు చిన్నదైతే దాన్ని ముక్కలు చేసి అడిగినప్పుడల్లా పంపనక్కర్లేదు, మొత్తంగా ఒకేసారి వాడుకరి యంత్రానికి తెచ్చేయవచ్చు. ముందు కొలవడం, ఆ కొలతలు చూపిన దారిలో నిర్మించడం ఆయన పనితీరుకు గుర్తుగా నిలిచింది.

ఆండ్రూ ఫైల్ సిస్టమ్

1982లో కార్నెగీ మెలన్, ఐబీఎం కలిసి ఒక ప్రాజెక్టు చేపట్టాయి. విద్యార్థులు, అధ్యాపకులు అందరికీ వర్క్‌స్టేషన్లు అందుబాటులో ఉండాలి. ఎవరు ఏ యంత్రం ముందు కూర్చున్నా తమ ఫైళ్లు కనబడాలి. యంత్రాల సంఖ్య 5,000 నుంచి 10,000 దాకా పెరిగినా వ్యవస్థ తట్టుకోవాలి. విశ్వవిద్యాలయానికి పేరిచ్చిన ఆండ్రూ కార్నెగీ, ఆండ్రూ మెలన్‌ల పేరిట దానికి ఆండ్రూ ప్రాజెక్టు అని పేరు పెట్టారు. ఫైల్ వ్యవస్థ ఆ ప్రాజెక్టులో ఒక భాగం. జాన్ హోవర్డ్, మైఖేల్ కజార్, డేవిడ్ నికోల్స్, షెర్రీ నికోల్స్, రాబర్ట్ సైడ్‌బాతమ్, మైక్ వెస్ట్, ఆల్ఫ్రెడ్ స్పెక్టర్, సత్యనారాయణన్ దాని నిర్మాణంలో ముఖ్యులు.

ఏఎఫ్‌ఎస్‌లో రెండు పక్షాలున్నాయి. నమ్మదగిన సర్వర్ల సముదాయానికి వైస్ అని పేరు. ప్రతి వర్క్‌స్టేషన్‌లో ఉండి సర్వర్లతో మాట్లాడే ప్రోగ్రాముకు వీనస్ అని పేరు. వాడుకరి ఒక ఫైలు తెరవగానే వీనస్ దాన్ని పూర్తిగా తెచ్చి ఆ యంత్రంలోని డిస్కులో నకలు ఉంచుతుంది. తరువాత చదవడం, రాయడం అంతా ఆ నకలు మీదే జరుగుతాయి, సర్వర్‌కు తెలియనే తెలియదు. ఫైలు మూసినప్పుడు మార్పులుంటే కొత్త ప్రతిని సర్వర్‌కు పంపుతుంది. పని భారం సర్వర్ నుంచి వాడుకరి యంత్రానికి మారడం ఇందులోని కీలకం. సర్వర్ చేయాల్సిన పని ఎంత తగ్గితే అంత ఎక్కువమందికి అది సరిపోతుంది.

అదే కాలంలో సన్ మైక్రోసిస్టమ్స్ తెచ్చిన ఎన్‌ఎఫ్‌ఎస్ మరో దారి పట్టింది. తన ఫైళ్లను ఎవరు వాడుతున్నారో ఆ సర్వర్ గుర్తుంచుకోదు. సర్వర్ ఆగి మళ్లీ లేచినా చిక్కు ఉండదు గాని, క్లయింట్లు తమ నకళ్లు తాజావో కావో మాటిమాటికీ అడుగుతూ ఉండాలి. చిన్న కార్యాలయానికి అది సరిపోయింది. వేల యంత్రాల ప్రాంగణానికి వేరే పద్ధతి కావలసి వచ్చింది.

కాల్‌బ్యాక్: సర్వర్ ఇచ్చే మాట

ఏఎఫ్‌ఎస్ తొలి నమూనాలోనూ ఈ చిక్కే ఉంది. ఫైలు తెరిచిన ప్రతిసారీ వీనస్ తన నకలు ఇంకా చెల్లుతుందా అని సర్వర్‌ను అడిగేది. కొలిచి చూస్తే, సర్వర్‌కు వచ్చిన పిలుపుల్లో 61.7 శాతం ఇవే. ఫైలు వివరాల కోసం వచ్చినవి మరో 26.8 శాతం. అసలు ఫైలును తెచ్చుకోవడానికి వచ్చినవి 4 శాతం, తిరిగి పంపడానికి వచ్చినవి 2.1 శాతం మాత్రమే. అంటే సర్వర్ సమయంలో అధికభాగం ‘ఏమీ మారలేదు’ అని చెప్పడానికే పోయేది. చురుగ్గా పనిచేసే వాడుకరులు 20 మంది అయ్యేసరికి ఒక సర్వర్ శక్తి అయిపోయేది.

రెండో రూపంలో తెచ్చిన పరిష్కారం కాల్‌బ్యాక్. ఫైలు ఇచ్చేటప్పుడే సర్వర్ ఒక మాట ఇస్తుంది: ఇది మారితే నేనే చెబుతాను, అంతవరకు అడగనక్కర్లేదు. చెన్నైలోని సౌకార్‌పేట బజారులో టోకు వ్యాపారి తన దగ్గర సరుకు ఎత్తే చిల్లర దుకాణాలవారికి ధర మారితే తానే కబురు చేస్తానని చెప్పడం వంటిదే ఇది. కబురు రానంతవరకు పాత ధరే చెల్లుతుంది, రోజూ ఫోను చేసి అడిగే పని తప్పుతుంది. ఈ మాట నిలబెట్టుకోవడానికి ఏ ఫైలు నకలు ఎవరి దగ్గరుందో సర్వర్ జాబితా రాసుకోవాలి. సర్వర్ కుప్పకూలి లేస్తే పాత మాటలన్నీ రద్దయ్యాయని భావించి క్లయింట్లు మళ్లీ సరిచూసుకోవాలి. ఆ చిక్కుకు ఒప్పుకొని పొందిన లాభం పెద్దది. ఒక సర్వర్ దాదాపు 50 మంది భారం మోయగలిగింది. ఈ కొలతలు, మార్పులు, ఫలితాలు వివరించిన 1988 నాటి పత్రాన్ని వ్యవస్థల నిర్మాణం నేర్చుకునే విద్యార్థులు నేటికీ చదువుతున్నారు.

భద్రత, నిర్వహణ

వేల యంత్రాలున్న ప్రాంగణంలో ప్రతి యంత్రాన్నీ కాపలా కాయలేం. అందుకని ఏఎఫ్‌ఎస్ వాడుకరి యంత్రాలను నమ్మలేదు, సర్వర్లనే నమ్మింది. రెండు పక్షాలూ ఒకదానినొకటి గుర్తించిన తరువాతే మాటలు సాగుతాయి, ఆ మాటలను గుప్తలిపిలో పంపే ఏర్పాటూ ఉంది. ఎవరు ఏ డైరెక్టరీలో ఏం చేయవచ్చో వాడుకరులే జాబితాలు రాసి నిర్ణయించుకోవచ్చు. దీనిపై సత్యనారాయణన్ 1989లో విడిగా ఒక పత్రం ప్రచురించారు.

నిర్వహణ కోసం వాల్యూమ్ అనే విభాగాన్ని తెచ్చారు. ఒక వాడుకరి ఫైళ్లన్నీ ఒక వాల్యూమ్‌గా ఉంటాయి. ఒక సర్వర్ నిండిపోతే ఆ వాల్యూమ్‌ను మరో సర్వర్‌కు తరలించవచ్చు, వాడుకరికి ఫైలు పేరు గాని దారి గాని మారవు. ఫైలు పేరులో అది ఉన్న చోటు కనబడకూడదన్న ఈ నియమం వల్లే తరువాతి రూపంలో విశ్వవిద్యాలయాలు, పరిశోధన కేంద్రాలు తమ తమ ఫైళ్లను ఒకే పేర్ల చెట్టు కింద పెట్టగలిగాయి.

కోడా: నెట్‌వర్క్ లేనప్పుడు

ఏఎఫ్‌ఎస్ విజయమే కొత్త బలహీనతను బయటపెట్టింది. అందరూ సర్వర్ల మీద ఆధారపడ్డాక, సర్వర్ గాని నెట్‌వర్క్ గాని ఆగితే అందరి పనీ ఆగుతుంది. 1987లో మొదలైన కోడా ప్రాజెక్టు దీనికి రెండు ఉపాయాలు చేసింది. మొదటిది, ఒకే వాల్యూమ్‌ను అనేక సర్వర్లలో ఉంచి, చదివేటప్పుడు ఒకదాని నుంచి తెచ్చుకొని, రాసేటప్పుడు అందుబాటులో ఉన్న అన్నింటికీ పంపడం. రెండోది అంతకంటే సాహసమైనది: ఒక్క సర్వర్ కూడా అందనప్పుడు వాడుకరి డిస్కులోని నకలుతోనే పని కొనసాగించడం. జేమ్స్ కిస్లర్, సత్యనారాయణన్ 1991లో ప్రకటించిన పత్రం ఈ రెండో ఉపాయం గురించే.

కోడాలో వీనస్‌కు మూడు స్థితులున్నాయి. నెట్‌వర్క్ ఉన్నప్పుడు అది రాబోయే లోటును ఊహించి ఫైళ్లను కూడబెడుతుంది. ఈమధ్య వాడినవాటికీ, తనకు తప్పనిసరి అని వాడుకరి రాసిచ్చిన జాబితాలోనివాటికీ ప్రాధాన్యం ఇచ్చి, 10 నిమిషాలకోసారి సరిచూస్తుంది. నెట్‌వర్క్ తెగినప్పుడు సర్వర్ పాత్రను తానే పోషిస్తుంది. చేసిన ప్రతి మార్పునూ ఒక చిట్టాలో రాసిపెడుతుంది. నెట్‌వర్క్ తిరిగొచ్చాక ఆ చిట్టాను సర్వర్‌కు పంపి మార్పులను కలుపుతుంది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. నెట్‌వర్క్ లేని సమయంలో ఇద్దరు ఒకే ఫైలును వేర్వేరుగా మారిస్తే ఏం చేయాలి? అలా జరగకుండా ముందే తాళం వేయడం ఒక పద్ధతి. కాని తాళం వేసినవాడు ఊళ్లో లేకపోతే మిగిలినవారంతా వేచి ఉండాలి. కోడా ఆశావహ పద్ధతిని ఎంచుకుంది: అందరినీ రాయనిచ్చి, వైరుధ్యం వస్తే తరువాత గుర్తించడం. ఇది గుడ్డి నమ్మకం కాదు. ఏఎఫ్‌ఎస్ వాడుకను ఏడాదిపాటు గమనిస్తే, 99 శాతానికి పైగా మార్పులు అంతకుముందు ఆ ఫైలును మార్చిన వ్యక్తే చేసినవి. ఒకే వస్తువును ఒక రోజు లోపు ఇద్దరు వేర్వేరు వ్యక్తులు మార్చే అవకాశం 0.75 శాతం మించలేదు. ఒకటి రెండు రోజులు విడిగా పనిచేసి తిరిగి కలిసినప్పుడు మార్పులు చేరడానికి సాధారణంగా ఒక నిమిషం పట్టిందని, 100 మెగాబైట్ల డిస్కు సరిపోయిందని వారు రాశారు.

సన్నని తీగ మీద

మొబైల్ కంప్యూటింగ్ పెరిగేకొద్దీ నెట్‌వర్క్ ఉంది, లేదు అనే రెండు స్థితులు చాలలేదు. ఉండీ లేనట్టుండే మూడో స్థితే ఎక్కువ. లిలీ మమ్మర్ట్, మరియా ఎబ్లింగ్, సత్యనారాయణన్ 1995లో ఈ బలహీన సంధానానికి కోడాను సిద్ధం చేశారు. సెకనుకు 10 మెగాబిట్ల ఈథర్నెట్ నుంచి 9.6 కిలోబిట్ల మోడెమ్ దాకా ఒకే వ్యవస్థ పనిచేయాలి. అందుకోసం మార్పులను వెంటనే తోసేయకుండా చిట్టాలో కాసేపు నాననిచ్చి కొద్దికొద్దిగా పంపారు. ఆ కాసేపట్లో ఒకే ఫైలును పదిసార్లు భద్రపరిచినా చివరి ప్రతి ఒక్కటే పోతుంది, సృష్టించి చెరిపేసిన తాత్కాలిక ఫైలు అసలు పోదు. నకళ్లు తాజావో కావో ఒక్కో ఫైలుకూ అడగకుండా మొత్తం వాల్యూమ్‌కు ఒకే ప్రశ్నతో తేల్చారు.

1997లో బ్రయాన్ నోబుల్ తదితరులతో కలిసి చేసిన ఒడిస్సీ ఇంకో మెట్టు ఎక్కింది. నెట్‌వర్క్ వేగం తగ్గినప్పుడు ఏం వదులుకోవాలో ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఒక్కదానికే తెలియదు. వీడియో చూపే ప్రోగ్రాము బొమ్మ నాణ్యత తగ్గించుకోవచ్చు, వెబ్ బ్రౌజర్ చిత్రాలను కుదించుకోవచ్చు. కాబట్టి మారిన పరిస్థితిని వ్యవస్థ గమనించి చెబుతుంది, ఏం తగ్గించాలో ప్రోగ్రాము తేల్చుకుంటుంది. నెట్‌వర్క్ తగ్గితే వీడియో దానంతటదే మసకబారి, మళ్లీ తేటపడడం నేటి ఫోన్లలో రోజూ చూస్తున్నాం. ఆ బాధ్యతల పంపకాన్ని సూత్రంగా నిలబెట్టిన తొలి వ్యవస్థల్లో ఒడిస్సీ ఒకటి.

2002లో ఇంటెల్‌కు చెందిన మైఖేల్ కోజుక్‌తో కలిసి, ఫైళ్లనే కాదు, నడుస్తున్న కంప్యూటర్ స్థితి మొత్తాన్ని తరలించే పద్ధతిని ప్రతిపాదించారు. ఒకచోట పని ఆపి, మరోచోట వేరే యంత్రం ముందు కూర్చొని ఆపిన చోటు నుంచే కొనసాగించవచ్చు. వర్చువల్ మెషీన్ స్థితిని పంపిణీ ఫైల్ వ్యవస్థలో భద్రపరచడం దాని ఆధారం. పాత సాఫ్ట్‌వేర్‌ను దాని కాలపు ఆపరేటింగ్ సిస్టమ్‌తో సహా నడిపి చూపే ఆలివ్ భాండాగారానికి కూడా ఈ అనుభవం ఉపకరించింది.

క్లౌడ్‌లెట్, ఎడ్జ్ కంప్యూటింగ్

2000ల చివరికి గాలి మళ్లింది. సమాచారం, లెక్కింపు రెండూ దూరాన ఉన్న భారీ డేటా కేంద్రాలకు వెళ్లసాగాయి. అందరూ క్లౌడ్ వైపు చూస్తున్న 2009లో పరమ్‌వీర్ బహల్, రామోన్ కాసెరెస్, నైజెల్ డేవిస్‌లతో కలిసి సత్యనారాయణన్ ఒక పత్రం రాశారు. ఆటల్లోనూ, కెమెరా చూసింది అర్థం చేసుకొని వెంటనే సలహా చెప్పే సాధనాల్లోనూ జాప్యమే ప్రాణాంతకమని, బ్యాండ్‌విడ్త్ పెంచినా దూరం వల్ల వచ్చే జాప్యం పోదని అందులో వాదించారు.

లెక్క చూస్తే విషయం స్పష్టమవుతుంది. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. చెన్నై నుంచి ముంబైకి నేరుగా సుమారు 1,000 కిలోమీటర్లు, రానూ పోనూ కనీసం 10 మిల్లీసెకన్లు. సింగపూర్ సుమారు 2,900 కిలోమీటర్లు, కనీసం 29 మిల్లీసెకన్లు. తీగలు తిన్నగా పోవు, దారిలో ప్రతి మజిలీ కొంత కలుపుతుంది, కాబట్టి అసలు జాప్యం ఇంకా ఎక్కువే. ఈ కనీస జాప్యాన్ని తగ్గించే యంత్రం ఏదీ రాదు, యంత్రాన్నే దగ్గరకు తేవాలి.

అలా వైర్‌లెస్ సంకేతం ఒక్క అంగలో అందే దూరంలో ఉంచే చిన్న డేటా కేంద్రమే క్లౌడ్‌లెట్. అది శాశ్వత సమాచారాన్ని దాచుకోదు. అవసరమైన వర్చువల్ మెషీన్‌ను వాడుకరి వచ్చినప్పుడు తయారుచేసుకొని, పని అయ్యాక వదిలేస్తుంది. మూల ప్రతి తన దగ్గర ముందే ఉంచుకొని తేడాను మాత్రం తెచ్చుకోవడం వల్ల తొలి నమూనాలో ఇది 60 నుంచి 90 సెకన్లలో సిద్ధమైంది. ఏఎఫ్‌ఎస్‌లో దగ్గరకు వచ్చింది ఫైలు, ఇక్కడ దగ్గరకు వచ్చింది లెక్కించే శక్తి.

2017లో రాసిన వ్యాసంలో ఆయన ఎడ్జ్ కంప్యూటింగ్‌కు నాలుగు ప్రయోజనాలు చెప్పారు. జవాబు త్వరగా వస్తుంది. కెమెరాల నుంచి వచ్చే భారీ సమాచారాన్ని అక్కడే జల్లెడపట్టి సారాన్ని మాత్రం పంపవచ్చు. వ్యక్తిగత వివరాలు బయటికి పోకముందే తొలగించవచ్చు. దూరపు క్లౌడ్ అందనప్పుడు కొంతసేపు దాని లోటు తెలియకుండా చూడవచ్చు. యూరప్ ప్రమాణాల సంస్థ ఈటీఎస్‌ఐ 2014లోనే మొబైల్ ఎడ్జ్ కంప్యూటింగ్‌కు ఒక బృందాన్ని ఏర్పాటుచేసింది. 5జీ నెట్‌వర్కుల రూపకల్పనలో ఇది ఇప్పుడు భాగం.

సౌకార్‌పేట వంటి బజారులో

ఈ సిద్ధాంతాల విలువ పెద్ద ప్రాంగణాల్లోనే కాదు, ఇరుకు వీధుల బజారుల్లో మరింత తెలుస్తుంది. ఉత్తర చెన్నైలో జార్జిటౌన్ ప్రాంతంలోని సౌకార్‌పేట గుజరాతీ, మార్వాడీ, తెలుగు వ్యాపార కుటుంబాల టోకు కేంద్రం. మింట్ స్ట్రీట్, గోవిందప్ప నాయకన్ వీధి, పక్కనే బట్టల టోకుకు పేరుపడ్డ గోడౌన్ స్ట్రీట్, తెలుగు ఆర్యవైశ్యుల కన్యకాపరమేశ్వరి దేవస్థానం ఉన్న కొత్వాల్ చావడి అన్నీ నడిచిపోయే దూరంలోనే. కొత్వాల్ చావడి కూరగాయల టోకు మార్కెట్టు 1996లో కోయంబేడుకు తరలింది. దుకాణం బజారులో, సరుకు ఊరి చివర గోదాములో ఉన్న వ్యాపారికి లెక్క రెండుచోట్లా ఉండక తప్పదు. అంటే అతను పంపిణీ నిల్వ వ్యవస్థనే నడుపుతున్నాడు.

మింట్ స్ట్రీట్‌లో ఒక బట్టల దుకాణం, మాధవరంలో దాని గోదాము ఉన్నాయనుకుందాం. సరుకు లెక్క క్లౌడ్‌లో ఒక్కచోటే ఉంటే, తీగ తెగిన గంటలో బిల్లు రాయలేరు. 2015 డిసెంబరు వరదల్లో చెన్నైలో చాలా ప్రాంతాలకు కరెంటు, ఫోన్లు ఒక్కసారే పోయాయి. కోడా చూపిన దారిలో అయితే లెక్క నకలు దుకాణం యంత్రంలోనూ ఉంటుంది, అమ్మకాలు చిట్టాలో చేరుతూ ఉంటాయి, తీగ కలిశాక గోదాము లెక్కతో కలుస్తాయి.

కలిసేటప్పుడు వచ్చే చిక్కు కూడా ఇక్కడ తేటగా కనబడుతుంది. 40 తానులున్న రకంలో దుకాణం 5, గోదాము 10 విడివిడిగా అమ్మాయి. ఇద్దరూ ‘మిగిలింది ఎంత’ అని రాసుకుంటే ఒకరి లెక్క 35, ఇంకొకరి లెక్క 30, ఏది నిలిచినా తప్పే. ‘5 పోయాయి’, ‘10 పోయాయి’ అని మార్పునే రాసుకుంటే ఏ వరుసలో కలిపినా 25 వస్తుంది. మొత్తాన్ని కాక మార్పును చిట్టాలో రాయడం వైరుధ్యాన్ని పుట్టకముందే తప్పిస్తుంది. చిన్న వ్యాపారులకు సాఫ్ట్‌వేర్ తయారుచేసేవారు తప్పక నేర్వాల్సిన పాఠమిది.

డబ్బు విషయంలో మాత్రం ఆశావహ పద్ధతికి హద్దు ఉండాలి. ఒకే రూపాయిని నెట్‌వర్క్ లేని రెండుచోట్ల ఖర్చుపెడితే తరువాత గుర్తించి ప్రయోజనం లేదు. రిజర్వు బ్యాంకు 2022 జనవరిలో ఆఫ్‌లైన్ చెల్లింపులకు నిబంధనలు తెచ్చినప్పుడు ఒక్కో చెల్లింపుకు 200 రూపాయలు, మొత్తం మీద 2,000 రూపాయల పరిమితి పెట్టడంలోని తర్కం ఇదే. తప్పు జరిగినా నష్టం ఆ హద్దు దాటదు. ఈ పరిమితులను తరువాత పెంచారు.

పరిమితులు, విమర్శలు

ఏఎఫ్‌ఎస్‌లో ఇద్దరు ఒకేసారి ఒక ఫైలు తెరిచి రాస్తే చివర మూసినవారి ప్రతే నిలుస్తుంది. విద్యార్థుల వ్యాసాలకు, ప్రోగ్రాములకు ఇది చెల్లుతుంది గాని, అనేకులు ఒకే ఫైలులో చిన్న చిన్న మార్పులు చేసే డేటాబేసులకు పనికిరాదు. కోడాలో వైరుధ్యం వచ్చినప్పుడు కొన్నింటిని వ్యవస్థ తానే సర్దుతుంది, మిగిలినవి వాడుకరి మీద పడతాయి. సర్దుబాటు తీరు ప్రోగ్రామే చెప్పాలన్న మార్గాన్ని జిరాక్స్ పరిశోధన కేంద్రంలోని బాయూ వ్యవస్థ 1995లో మరింత ముందుకు తీసుకెళ్లింది.

నెట్‌వర్క్ చీలినప్పుడు ఏకరూపత, అందుబాటు రెండూ పూర్తిగా దక్కవని ఎరిక్ బ్రూవర్ 2000లో చెప్పారు. సెత్ గిల్బర్ట్, నాన్సీ లించ్ 2002లో దాన్ని నిరూపించారు. ఆ సిద్ధాంతానికి దశాబ్దం ముందే కోడా అందుబాటు వైపు నిలిచి, ఆ ఎంపికకయ్యే ఖరీదును నిజమైన వాడుకరుల మధ్య కొలిచి చూపింది. క్లౌడ్‌లెట్ విషయంలో విమర్శ వేరు. ఒక పెద్ద కేంద్రాన్ని నడపడం కంటే వేలకొద్దీ చిన్న కేంద్రాలను నడపడం ఖరీదు, ప్రతి వీధిలోనూ కాపలా కష్టం.

ప్రభావం, గుర్తింపు

ఏఎఫ్‌ఎస్‌ను వాణిజ్యపరం చేయడానికి 1989లో ట్రాన్సార్క్ సంస్థ ఏర్పడింది. తరువాత దాన్ని ఐబీఎం కొనుగోలు చేసి, 2000లో మూల కోడ్‌ను ఓపెన్‌ఏఎఫ్‌ఎస్ పేరిట అందరికీ విడుదల చేసింది. యూరప్ అణుపరిశోధన కేంద్రం సెర్న్‌తో సహా అనేక సంస్థలు దాన్ని ఏళ్ల తరబడి వాడాయి. నెట్‌వర్క్ లేకుండా పని కొనసాగించే కోడా ఆలోచనలు మైక్రోసాఫ్ట్ విండోస్ 2000లోని ఇంటెల్లీమిర్రర్‌లోనూ, ఔట్‌లుక్ 2003లోనూ చేరాయి. లైనక్స్ కెర్నెల్‌లో కోడా క్లయింట్ భాగం చోటు సంపాదించింది. కోడాలో పనిచేసిన పీటర్ బ్రామ్ 1999లో మొదలుపెట్టిన లస్టర్ ఫైల్ వ్యవస్థ ప్రపంచంలోని అతిపెద్ద సూపర్‌కంప్యూటర్లలో చాలావాటికి నిల్వ ఆధారమైంది. ఫైలు నకళ్లు మన యంత్రంలోనూ, దూరపు సర్వర్‌లోనూ ఉండి తమంతట తామే కలుసుకునే నేటి సేవల ఆలోచన ఈ వంశంలోదే.

ఏఎఫ్‌ఎస్‌కు 2008లో ఏసీఎం ఆపరేటింగ్ సిస్టమ్స్ విభాగం హాల్ ఆఫ్ ఫేమ్ గుర్తింపు, 2016లో ఏసీఎం సాఫ్ట్‌వేర్ సిస్టమ్ పురస్కారం దక్కాయి. కోడా పత్రానికి 2015లో అదే హాల్ ఆఫ్ ఫేమ్ గుర్తింపు లభించింది. సత్యనారాయణన్ ఏసీఎం, ఐఈఈఈ సంస్థల ఫెలో. ఐఈఈఈ పర్వేసివ్ కంప్యూటింగ్ పత్రికకు వ్యవస్థాపక ప్రధాన సంపాదకులు, పిట్స్‌బర్గ్‌లోని ఇంటెల్ పరిశోధన కేంద్రానికి వ్యవస్థాపక సంచాలకులు. ఆయన దగ్గర డాక్టరేటు చేసిన బ్రయాన్ నోబుల్, జేసన్ ఫ్లిన్ వంటివారు తామే పరిశోధన బృందాలను పెంచారు.

తేలాల్సిన ప్రశ్నలు

క్లౌడ్‌లెట్లను ఎవరు పెట్టాలి, ఖర్చు ఎవరు భరించాలి అన్నది ఇంకా తేలలేదు. టెలికాం సంస్థలు, క్లౌడ్ సంస్థలు, స్థానిక సంస్థలు మూడూ ఈ బరిలో ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ 2015లో చెన్నైలో, అమెజాన్ 2022లో హైదరాబాదులో క్లౌడ్ కేంద్రాలు తెరిచాయి. సింగపూర్‌కో అమెరికాకో వెళ్లే సమాచారం ఇప్పుడు మన ఊళ్లకే చేరుతోంది, ఇది పెద్ద మేలు. అయితే నగరానికి ఒక కేంద్రం వచ్చినంత మాత్రాన వీధి చివర తీగ తెగినప్పుడు దుకాణం నడవదు. ఆ చివరి అంచెలో ఏ నకలు ఉండాలి, దాన్ని ఎంతసేపు నమ్మాలి, తిరిగి ఎలా కలపాలి అన్నవి సాఫ్ట్‌వేర్ రాసేవారు తేల్చాల్సినవి.

వాటికి సత్యనారాయణన్ పరిశోధన ఒక పద్ధతిని ఇస్తుంది. ముందు వాడుకను కొలవాలి. సాధారణంగా జరిగేదానికి వేగంగా, అరుదుగా జరిగేదానికి భద్రంగా వ్యవస్థను కట్టాలి. నెట్‌వర్క్ తెగడాన్ని ప్రమాదంగా కాక రోజువారీ సంగతిగా లెక్కలోకి తీసుకోవాలి. కరెంటు కోతలు, తెగే తీగలు, కిక్కిరిసిన టవర్ల మధ్య పనిచేసే మన ప్రాంతపు ఇంజినీర్లకు ఇంతకంటే అక్కరకొచ్చే పద్ధతి లేదు. మద్రాసులో ఇంజినీరింగ్ చదివిన ఒక శాస్త్రవేత్త దాన్ని నలభై ఏళ్లపాటు నిర్మించి, నడిపి, కొలిచి నిరూపించారు. తెలుగు ప్రాంతాల కంప్యూటర్ సైన్స్ తరగతుల్లో ఏఎఫ్‌ఎస్, కోడా పత్రాలను పరీక్ష ప్రశ్నలుగా కాక నిర్మాణ పాఠాలుగా చదివించాల్సిన అవసరం ఉంది.